సీప్యాప్ గాలికి దిండు సాయం

1980 జూన్. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో డాక్టర్ కోలిన్ సలివాన్ దగ్గరకు ఓ రోగి వచ్చాడు. కన్ను మూతపడితే చాలు, అతని గొంతులో గాలిదారి మూసుకుపోయేది. రాత్రంతా ఊపిరి ఆగడం, ఉలిక్కిపడి లేవడం, మళ్లీ ఆగడం. ఆ రోజుల్లో స్లీప్ ఆప్నియా అంతగా ముదిరితే నమ్మదగిన వైద్యం ట్రాకియాస్టమీ ఒక్కటే. అంటే మెడ ముందు భాగంలో శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చడం. అది ఆ రోగికి ఇష్టం లేదు. మరో పద్ధతి ప్రయత్నిద్దామని సలివాన్ అడిగితే ఒప్పుకున్నాడు. వాక్యూమ్ క్లీనర్ మోటారుతో నడిచే బ్లోయర్ నుంచి వచ్చే గాలిని, ముక్కుకు తొడిగిన మాస్కులోంచి లోపలికి పంపారు. ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. ఓ దశకు వచ్చేసరికి గాలిదారి తెరుచుకుంది. రోగి హాయిగా నిద్రపోయాడు.

అలా చికిత్స పొందిన అయిదుగురి వివరాలతో సలివాన్ బృందం 1981లో 'లాన్సెట్' పత్రికలో వ్యాసం ప్రచురించింది. ఇవాళ లక్షల పడక గదుల్లో రాత్రంతా నడుస్తున్న సీప్యాప్ యంత్రం చరిత్ర అక్కడే మొదలైంది.

అది చేసే పని తేలికగానే అర్థమవుతుంది. మనం నిద్రలోకి జారుకోగానే గొంతు కండరాలు సడలిపోతాయి. నాలుక మొదలు, కొండనాలుక చుట్టూ ఉన్న మెత్తని కండ వెనక్కి వాలతాయి. దారి ఇరుకైతే గురక, పూర్తిగా మూసుకుపోతే ఆప్నియా. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. ఊపిరి పూర్తిగా ఆగడం, బాగా తగ్గిపోవడం రెండూ కలిపి గంటకు 30 సార్లు, అంతకు మించి జరుగుతుంటే జబ్బు తీవ్రమైనట్టు. ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు మనిషిని తట్టి లేపుతుంది. దాని ఫలితం పగలు కునికిపాట్లు, రక్తపోటు, గుండె మీద భారం. సీప్యాప్ పంపే గాలి గొంతు గోడలను లోపలి నుంచి పట్టి నిలబెడుతుంది.

ఆ ఒత్తిడి ఎంతో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. సలివాన్ తొలి రోగులకు వాడింది 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి. ఇప్పటి యంత్రాలు సాధారణంగా 4 నుంచి 20 వరకూ ఇస్తాయి. 10 సెంటీమీటర్లంటే మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో సుమారు ఒక శాతం! ప్రాణానికి కాపు కాసే బలం ఇంత స్వల్పం కాబట్టే, అది దారిలో కారిపోకుండా చూసుకోవాలి. యంత్రం ఎంత మంచిదైనా మాస్కు అంచు దగ్గర గాలి తప్పించుకుంటే ఆ మేరకు వైద్యం తగ్గిపోతుంది.

తొలి రోజుల్లో ఈ చిక్కును చాలా మొరటుగా పరిష్కరించారు. ఒక్కో రోగి ముక్కుకు అచ్చు తీసి, ఫైబర్ గ్లాస్‌తో అతనికే సరిపోయే మాస్కు చేసేవారు. రోజూ రాత్రి దాన్ని సిలికాన్ జిగురుతో ముఖానికి అతికించుకోవాలి, పొద్దున్నే ఊడదీసుకోవాలి. గాలి కారేది కాదు గానీ, రోజూ ఆ అవస్థ పడడం ఎవరి తరం? 1985లో అమెరికాలో రెస్పిరానిక్స్ సంస్థ సీప్యాప్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 1989లో పీటర్ ఫారెల్ స్థాపించిన సంస్థ, తర్వాత రెస్‌మెడ్‌గా మారి, సలివాన్ ఆవిష్కరణను ప్రపంచమంతా తిప్పింది. జిగురు పోయి పట్టీలు వచ్చాయి, గట్టి అంచు పోయి మెత్తని సిలికాన్ కుషన్ వచ్చింది.

ఈ కుషన్‌ను ఓసారి వేళ్లతో పట్టుకుని చూడండి. లోపలి అంచున పల్చని పొర ఒకటి ముడుచుకుని ఉంటుంది. యంత్రం ఆన్ చేయగానే గాలి ఆ పొరను ఉబ్బించి, బుగ్గ మీదికి, ముక్కు పక్కకు సున్నితంగా అదుముతుంది. అంటే కారే గాలిని ఆపుతున్నదీ గాలే. ఆ పొర ఉబ్బడానికి కాస్త చోటు కావాలి. ఇక్కడే దిండు ప్రసక్తి వస్తుంది.

పక్కకు తిరిగి పడుకున్నప్పుడు మామూలు దిండు మాస్కు చట్రాన్ని ఒక వైపు నుంచి నెడుతుంది. ఆ వైపు పొర మడతపడుతుంది, రెండో వైపు లేచిపోతుంది. సందులోంచి గాలి సర్రున కంటికి కొడుతుంది. యంత్రం ఆ లోటు పూడ్చడానికి ఇంకా గట్టిగా ఊదుతుంది, చప్పుడు పెరుగుతుంది, నోరు ఎండిపోతుంది. చాలామంది చేసేది పట్టీలు బిగించడం. అప్పుడు పొర పూర్తిగా నలిగిపోయి గాలి మరింత కారుతుంది, ముక్కు దూలం మీద పుండు పడుతుంది. వెల్లకిలా పడుకుంటే చాలామందిలో ఆప్నియా ఎక్కువవుతుంది కాబట్టి, పక్కకు పడుకోవడం మానేయమని చెప్పడమూ సబబు కాదు. మార్చాల్సింది దిండునే.

మొదట చూడాల్సింది ఎత్తు. పక్కకు పడుకునేవారికి భుజం అంచు నుంచి చెవి దాకా ఉన్న ఎడం నిండాలి, మెడ వెన్నెముకతో ఒకే వరసలో ఉండాలి. వెల్లకిలా పడుకునేవారికి ఎత్తు తక్కువ కావాలి. ఎత్తు దిండు వేస్తే గడ్డం ఛాతీ వైపు వంగి, గాలి తెరవాలని చూస్తున్న దారినే అది ముడిచేస్తుంది. బోర్లా పడుకునే అలవాటుంటే పల్చని దిండు చాలు.

రెండోది ఆకారం. సీప్యాప్ దిండ్లకు రెండు పక్కలా గండి కొట్టినట్టు కోత ఉంటుంది. బుగ్గ దిండు మీద ఆనుతుంది, మాస్కు ఆ ఖాళీలో స్వేచ్ఛగా ఉంటుంది. అలాంటిది కొనేముందు ఉన్న దిండుతోనే పరీక్షించుకోవచ్చు. ముఖాన్ని దిండు అంచుకు జరిపి, మాస్కు బయటికి వేలాడేలా పడుకోండి. గాలి కారడం తగ్గిందంటే కోత దిండు మీకు పనికొస్తుంది. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే అమరే చిన్న మాస్కు వాడేవారికి మామూలు దిండే సరిపోవచ్చు.

మూడోది లోపలి సరుకు. మన ఇళ్లలోని బూరుగు దూది దిండు మెత్తన. తల దిగబడగానే అంచులు పైకి లేచి మాస్కును చుట్టేస్తాయి. 1960ల్లో నాసా కోసం రూపొందిన మెమరీ ఫోమ్ మెల్లగా అణిగి ఆకారం నిలుపుకుంటుంది గానీ, అటూ ఇటూ ఎక్కువగా పొర్లేవారికి ప్రతిసారీ సర్దుకోవడం ఇబ్బంది. ఏ సరుకైనా తల బరువును మోయాలి, మాస్కును నెట్టకూడదు.

మాస్కు మీద సన్నని రంధ్రాలుంటాయి. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయేది వాటిలోంచే. అవి దిండుకు గానీ దుప్పటికి గానీ మూసుకుపోకూడదు. గొట్టాన్ని తల వెనక నుంచి తెచ్చి మంచం తలాపున తగిలిస్తే, ఒత్తిగిలినప్పుడు అది మాస్కును లాగదు. తలకూ ముఖానికీ నూనె రాసుకుని పడుకుంటే సిలికాన్ జారిపోతుంది. పడుకునే ముందు ముఖం కడుక్కోండి, గలీబులు తరచూ ఉతకండి.

దిండు మార్చిన తర్వాత యంత్రం తెర మీద చూపే లీక్ అంకెను వారం పాటు గమనించండి. తగ్గకపోతే మాస్కు సైజు చూపించుకోవడానికి మీ పల్మనాలజిస్టును కలవండి. మాస్కు ఇబ్బందిగా ఉందని యంత్రాన్ని అటక ఎక్కించిన వారు మీ ఇంట్లో ఉంటే, ఈ రాత్రే ఆ దిండు సంగతి చూడండి. జబ్బును అదుపులో ఉంచే యంత్రాన్ని ఓ దిండు కారణంగా దూరం చేసుకోవద్దు.