చిగుళ్ళ నుంచి రక్తం వస్తే తోమడం మానాలా?

ప్రొద్దున పళ్ళు తోముకుని ఉమ్మేసరికి నురుగులో ఎర్రటి చార ఒకటి కనిపించిందనుకోండి. మీరేం చేస్తారు? చాలామంది చేసే పని ఒకటే. "బ్రష్షు గట్టిగా తగిలింది కాబోలు" అనుకుని, మరునాటి నుంచి ఆ చోటి జోలికి పోరు. దెబ్బ తగిలిన వేలిని ఎలా కాపాడుకుంటామో, ఆ చిగురునూ అలాగే బ్రష్షు తగలకుండా కాపాడుకుంటారు.

చూడటానికి ఇది తెలివైన పనిలాగే ఉంటుంది. కాని ఇది పూర్తిగా తలకిందులు పని! ఎందుకో తెలియాలంటే ముందు మన నోట్లో ఏముందో చూడాలి.

ఉప్పుతో పళ్ళు తోమిన లీవెన్‌హుక్

హాలెండు దేశంలోని డెల్ఫ్ట్ నగరంలో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు ఉండేవాడు. చిన్న చిన్న కటకాలను తానే అరగదీసి సూక్ష్మదర్శినులు చేసుకోవడం ఆయనకు సరదా. రోజూ ఉప్పుతో పళ్ళు తోముకునేవాడు. అయినా పళ్ళ సందుల్లో తెల్లని ముద్దలాంటి పదార్థం మిగిలిపోవడం గమనించాడు. దాన్ని కాస్త తీసి, వాన నీటిలో కలిపి, కటకం కింద పెట్టి చూశాడు. అందులో ఎన్నో చిన్న జీవులు చురుగ్గా కదులుతున్నాయి! 1683లో ఆయన ఈ వింతను లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరంలో రాశాడు.

ఆ తెల్లని పదార్థమే మనం 'పాచి' అనేది. పాచి అంటే పళ్ళకు అంటుకున్న అన్నం మెతుకులు కాదు. అది బాక్టీరియాల కాలనీ. అవి తమ చుట్టూ జిగురులాంటి పదార్థాన్ని తయారుచేసుకుని, పంటికి అతుక్కుని బతుకుతాయి. అందుకే ఎంత పుక్కిలించినా పాచి పోదు, రుద్దితేనే పోతుంది. రుద్దిన కొన్ని గంటలకే మళ్ళీ చేరడం మొదలుపెడుతుంది.

పాచిని అలాగే వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు దానిలో చేరి గట్టిపడిపోతుంది. బోరునీళ్ళు కాచే గిన్నె అడుగున రాయిలా తెల్లటి పొర కట్టడం మీరు చూసే ఉంటారు. పళ్ళమీద కట్టే ఇలాంటి పొరనే 'గార' అంటారు. కింది దవడలో ముందుపళ్ళకు లోపలి వైపున గార ఎక్కువగా పడుతుంది. లాలాజలాన్ని తెచ్చే గొట్టాలు అక్కడే తెరుచుకోవడం దీనికి కారణం. గార పట్టాక బ్రష్షుతో పోదు. దాని గరుకు ఉపరితలం మీద కొత్త పాచి ఇంకా సులభంగా చేరుతుంది.

పన్ను దేనిమీద నిలబడింది?

గోడలో మేకు దిగినట్టు పన్ను ఎముకలో దిగి ఉంటుందని మనం అనుకుంటాం. కాని అది నిజం కాదు. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని సందు ఉంటుంది. సుమారు 0.2 మిల్లీమీటర్లు మాత్రమే! ఆ సందు నిండా వేలకొద్దీ నారపోగులు ఉంటాయి. వాటి ఒక కొన వేరులోనూ, మరొక కొన ఎముకలోనూ నాటుకుని ఉంటాయి. ఊయలను తాళ్ళు పట్టుకున్నట్టు ఆ పోగులు పంటిని పట్టుకుంటాయి. మీరు చెరకుముక్క కొరికినప్పుడు ఆ ఒత్తిడిని తట్టుకునేవి ఇవే.

ఈ ఏర్పాటుకంతటికీ పైన కాపలాదారు చిగురు. చిగురు అంచుకూ పంటికీ మధ్య సన్నని గాడి ఒకటి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో దాని లోతు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. పాచి దాక్కునేది ఈ గాడిలోనే.

పన్నెండు మంది బ్రష్షులు పక్కన పెట్టారు

చిగుళ్ళు వాచి రక్తం రావడానికి కారణం ఏమిటన్న ప్రశ్నకు చాలాకాలం తలొక సమాధానం చెప్పేవారు. వయసు అన్నవారున్నారు, ఆహారలోపం అన్నవారున్నారు. 1965లో హెరాల్డ్ లో అనే శాస్త్రజ్ఞుడు, తన సహచరులతో కలిసి, ఒక చక్కని ప్రయోగాన్ని ప్రచురించాడు. అది డెన్మార్క్‌లోని ఆర్హుస్ దంతవైద్య కళాశాలలో జరిగింది.

చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది ఇందులో పాల్గొన్నారు. వారిలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. వారంతా పళ్ళు తోముకోవడం పూర్తిగా మానేశారు. ఏమైంది? పళ్ళ నిండా పాచి పేరుకుంది. చిగుళ్ళు ఎర్రబడి ఉబ్బాయి. 10 నుంచి 21 రోజుల లోపల పన్నెండు మందికీ చిగుళ్ళవాపు వచ్చింది. ఒక్కరు కూడా తప్పించుకోలేదు!

తర్వాత వారు మళ్ళీ శుభ్రంగా తోముకోవడం మొదలుపెట్టారు. మందులేవీ వాడలేదు. దాదాపు వారం రోజుల్లో చిగుళ్ళు మామూలుగా అయ్యాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. రక్తం ఎందుకు వస్తుంది? గాడిలో పాచి చేరగానే శరీరం దాన్ని శత్రువుగా గుర్తిస్తుంది. తెల్లకణాలను అక్కడికి పంపడానికి చిగురులోని రక్తనాళాలు వెడల్పవుతాయి. అందుకే చిగురు ఎర్రగా ఉబ్బుతుంది. గాడి లోపలి పలుచని పొర దెబ్బతింటుంది. ఇక బ్రష్షు మెల్లగా తగిలినా రక్తం చిమ్ముతుంది. అంటే తప్పు బ్రష్షుది కాదు, పాచిది. రక్తం వచ్చిన చోట తోమడం మానితే ఏమవుతుంది? పాచి పెరుగుతుంది, వాపు పెరుగుతుంది, రక్తమూ పెరుగుతుంది!

వాపు లోతుకు దిగితే

చిగుళ్ళవాపు పూర్తిగా నయమయ్యేదే. కాని ఏళ్ళ తరబడి అశ్రద్ధ చేస్తే కొందరిలో జబ్బు లోపలికి దిగుతుంది. గాడి లోతై సంచిలా తయారవుతుంది. బాక్టీరియాకూ శరీరానికీ జరిగే ఆ పోరాటంలో నారపోగులు తెగుతాయి, దవడ ఎముక కరుగుతుంది. ఊయల తాళ్ళు ఒక్కొక్కటే తెగినట్టే! దీన్నే పెరియొడాంటైటిస్ అంటారు. మన పెద్దలు 'పయోరియా' అనేది కూడా ఎక్కువగా దీన్నే. ఇందులో నొప్పి సాధారణంగా ఉండదు. అదే దీనితో వచ్చిన చిక్కు. పన్ను కదిలేదాకా చాలామందికి తెలియనే తెలియదు.

అందరికీ ఇలాగే అవుతుందా? హెరాల్డ్ లో బృందం 1970 నుంచి 1985 వరకు శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది పురుషులను పరిశీలించింది. వారికి పళ్ళు తోముకునే అలవాటు లేదు, దంతవైద్యమూ అందలేదు. అందరి చిగుళ్ళూ వాచే ఉన్నాయి. అయితే సుమారు 11 శాతం మందిలో జబ్బు అక్కడితో ఆగిపోయింది. 81 శాతం మందిలో నెమ్మదిగా ముదిరింది. మిగిలిన 8 శాతం మందిలో చాలా వేగంగా ముదిరి, 45 ఏళ్ళకే దాదాపు పళ్ళన్నీ పోయాయి. శరీరతత్వం అందరిదీ ఒకటి కాదన్నమాట. మధుమేహం, పొగతాగడం ఈ జబ్బును ఇంకా పెంచుతాయి. పొగతాగేవారిలో రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల రక్తం తక్కువగా వస్తుంది. ప్రమాద సూచనే మరుగున పడిపోతుంది!

గార తీయిస్తే పళ్ళు కదులుతాయా?

ఈ మాట మీరు ఇంట్లో వినే ఉంటారు. నిజమేమిటంటే, గార తీసిన తర్వాత పన్ను కదిలిందంటే, దాన్ని పట్టుకున్న ఎముక అంతకుముందే కరిగిపోయిందన్నమాట. పడబోయే గోడ పగుళ్ళకు సున్నం పూసినట్టు గార ఆ సంగతిని కప్పి ఉంచింది. తీసేసరికి అసలు స్థితి బయటపడింది. వాపు తగ్గాక అలాంటి పళ్ళలో కొన్ని కొంత గట్టిపడతాయి కూడా.

దంతవైద్యుడు మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కడ్డీతో గాడుల లోతు కొలుస్తాడు. గారను తీస్తాడు. చిగురు కింద వేరుకు పట్టినదాన్ని కూడా శుభ్రం చేస్తాడు. లోతు మరీ ఎక్కువైతే చిగురును కొద్దిగా తెరిచి శస్త్రచికిత్స చేస్తాడు. జబ్బు ఆగుతుంది. కాని పోయిన ఎముక తనంతట తాను తిరిగి పెరగదు. ముందే మేలుకోవాలని చెప్పేది అందుకే.

మీరు చేయవలసింది

మెత్తని బ్రష్షు తీసుకోండి. దాని కుచ్చును చిగురు అంచు వైపుకు కాస్త ఏటవాలుగా ఆనించి, మెల్లగా చిన్న చిన్న కదలికలతో తోమండి. లోపలి వైపులు మరవకండి. రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ రెండు నిమిషాలు చాలు. రాత్రి పడుకోబోయే ముందు తోమడం తప్పనిసరి. ఇటుకపొడి, బొగ్గు వద్దు. అవి పళ్ళను అరగదీస్తాయి. వేపపుల్ల వాడేవారు కొసను బాగా నమిలి కుచ్చులా మెత్తగా చేసుకుని, ప్రతి పంటికీ లోపలా బయటా తగిలేలా తోమాలి.

ఆర్హుస్ ప్రయోగంలో మొదటి సగం మీరు చేయనక్కరలేదు; ఆ పన్నెండు మంది మన కోసం చేసిపెట్టారు. రెండవ సగం మాత్రం చేసి చూడండి. ఈ రోజే అద్దం ముందు నిలబడి, ఏ పంటి దగ్గర చిగురు ఎర్రగా ఉందో, తోమితే ఎక్కడ రక్తం వస్తోందో నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ చోట్లను వదలకుండా, మెల్లగా రోజూ తోమండి. వారం తర్వాత మళ్ళీ చూసి రాయండి. రెండు వారాలైనా రక్తం ఆగకపోతే అక్కడ గార ఉండవచ్చు, లేదా వేరే కారణం ఉండవచ్చు. అప్పుడు దంతవైద్యునికి చూపించుకోండి. వెళ్ళేటప్పుడు ఆ నోటుపుస్తకం కూడా తీసుకువెళ్ళండి.