సముద్రమను పేరుగల ఊళ్లు

పావగడ తాలూకాలో బలసముద్రమను గ్రామ మొకటి కలదు. పేరు విని వచ్చిన పరదేశికి అచట అలలు గాని, ఇసుకతిన్నెలు గాని, వల లారవేసికొను పల్లెకారులు గాని కానరారు. బంగాళాఖాతము ఇచటికి తూర్పుగా ఇంచుమించు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. పేరునకు కన్నడ రాజ్యమున తుమకూరు జిల్లాకు చెందియు, దాదాపు నలుదిక్కుల ఆంధ్రదేశము చుట్టుకొని యుండుటచే ఇంటను సంతలోను తెలుగే మాటాడు ఈ తాలూకాలో వాన యొక చుట్టము వంటిది; వచ్చినపుడు పండుగ, రానపుడు ఎదురుచూపు. ఇట్టి సీమలలో మన పూర్వులు చెరువు కట్టించిన చోటులకు సముద్రమనియు సాగరమనియు పేరిడిరి. అనంతపురమునకు ఆ పేరు అనంతసాగరమను చెరువు వలననే వచ్చినది. దాని ప్రక్కనే బుక్కరాయసముద్రము. గట్టుమీద నిలిచి నిండుచెరువును చూచిన రైతునకు ఆ మాట అతిశయోక్తిగా తోచి యుండదు.

నేటి పట్టణవాసికి సముద్రము మీది మక్కువ వేరు విధమైనది. సెలవుదినములలో కడలియొడ్డున ఒక యిల్లు బాడుగకు తీసికొని, తామే వండుకొని తిని, ఉదయాస్తమయములు చూచి, నాలుగు దినములకు తాళపుచెవి యప్పగించి తిరిగి వచ్చుట ఇపుడు లోకమంతట ఒక వేడుకయు, ఒక వ్యాపారమును అయినది. హోటలులో అతిథి గది నద్దెకు గొనును. ఇచట కొంతకాలమునకు గృహస్థత్వమునే అద్దెకు గొనును. ఆ యింటి ప్రక్కనే ఒకప్పటి బంగారు గని కూడ నున్నచో, పగలు పాత సొరంగముల కథ వినుటకును, సాయంకాలము అలలలో కాళ్లు తడుపుకొనుటకును వీలగును.

ఇట్టి యూరు నిజముగనే యున్నది. న్యూజిలాండు ఉత్తరద్వీపమున వైహి యను పట్టణము కలదు. 1878లో అచటి మార్తా కొండలో పలుగురాతి చాళ్ల నడుమ బంగారము బయటపడెను. 1952లో గని మూతపడు నాటికి సొరంగములు 600 మీటర్ల లోతునకు దిగి, మొత్తము 175 కిలోమీటర్ల నిడివికి వ్యాపించెను. ఆ సంపద శాంతముగా రాలేదు: 1912లో ఆరు నెలలు సాగిన సమ్మెలో ఫ్రెడరిక్ ఎవాన్సు అను కార్మికుడు దెబ్బలు తిని మరణించెను. గని నీటిని తోడుటకు 1904లో కట్టిన యంత్రశాల క్రింద నేల కదలసాగగా, 2006లో ఆ కట్టడము నంతటిని పెకలించి దాదాపు 300 మీటర్లు జరిపి కాపాడుకొనిరి. శిథిలమును కూడ చూడదగిన వస్తువుగా నెంచు జాతి వారిది.

ఆ పట్టణమునకు తూర్పుగా 11 కిలోమీటర్ల దూరమున వైహి సముద్రతీరము. అచటి సెలవు ఇండ్లను ఆ దేశీయులు 'బ్యాచ్' లందురు. మొదట అవి పాత పలకలతోను రేకులతోను, ఒక్కొక్కచో మూలబడిన ట్రాము పెట్టెతోను కట్టుకొన్న చిన్న గుడిసెలు. కాలక్రమమున విలువ పెరిగి, యజమాని తాను వాడుకొనని దినములలో పరులకు బాడుగ కిచ్చు ఆస్తులైనవి. దక్షిణార్ధగోళము గనుక అచట డిసెంబరు, జనవరి నెలలు వేసవి. మనకు చలి ముదురు వేళ వారికి సముద్రస్నానముల ఋతువు. గని మూతపడిన పిదప ఆ పట్టణము పాడుపడకుండుటకు సముద్ర మొక్కటే కారణమని చెప్పరాదు. పాడిపరిశ్రమయు, రేడియోలు చేయు కర్మాగారమును కూడ దానిని నిలిపినవి. 1980ల చివర మార్తా కొండను పైనుండి త్రవ్వుట మరల మొదలైనది. అయినను బంగారము పోయిన నాడు బ్రతుకునకు వేరొక యాధార మచట నుండినది.

మన వైపునకు వత్తము. పావగడకు ఈశాన్యమున, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో రామగిరి యున్నది. రామగిరి-పెనకచెర్ల పట్టీ యని భూగర్భశాస్త్రజ్ఞులు పిలుచు ఆ రాతిపొరలలో పలుగురాతి వెంబడి బంగారము దాగియున్నది. గడచిన శతాబ్ది తొలి దశకములలో ఆంగ్లేయ కంపెనీ యొకటి అచట గనులు త్రవ్వి 1927 ప్రాంతమున విడిచిపోయెను. ఆ తరువాత చాలకాలమునకు భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ తిరిగి తెరచెను గాని అదియు నిలువలేదు. మన రాయలసీమ తెలుగువారు కూడ పనికి పోయిన కోలారు గనుల కథయు నట్టిదే. 1902లోనే శివనసముద్రమునుండి విద్యుత్తు తెప్పించుకొని, మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. దొరల బంగళాలు చెట్లనీడల మిగిలినవి. సయనైడు కలిసిన మట్టిదిబ్బలు ఊరిప్రక్కన కొండలై మిగిలినవి. పనివారు మాత్రము తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరునకు కూలికి పోవలసివచ్చెను. బంగారము ఒకసారి అమ్ముడుపోవు సరకు. దానిని త్రవ్వినవానికి కూలి ముట్టును, పట్టినవానికి లాభము ముట్టును, ఊరికి గుంత మిగులును.

అమ్ముటకును బాడుగ కిచ్చుటకును గల ఈ భేదమును పావగడ ఇటీవల వేరొక రీతిగా నేర్చుకొనినది. బలసముద్రము, తిరుమణి, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు అను ఐదు గ్రామములలో దాదాపు 13,000 ఎకరములలో సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది; దాని సామర్థ్యము 2,050 మెగావాట్లు. ఇందులో విశేషమేమన, భూములను ప్రభుత్వము కొనలేదు, గుత్తకు తీసికొనినది. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్ల కొకసారి నూటికి ఐదు వంతున పెంపు. వేరుసెనగ ఎండిపోయిన సంవత్సరమునను ఈ బాడుగ ఎండదు. అయితే పట్టా గలవానికే గుత్త ముట్టును. ఆ చేలలో కలుపు తీసిన కూలివానికిని, బీళ్లలో గొఱ్ఱెలు మేపుకొన్నవానికిని ముట్టదు. రామగిరిలో గుంత మిగిలినట్లే ఇచట ఈ కొఱత మిగిలినది; దానిని పూడ్చక సూర్యుడు బంగారమున కంటె ధర్మాత్ముడని పొగడుట తొందరపాటగును. కొండమీదినుండి చూచువారికి మాత్రము నీలిఫలకములు దిగంతమువరకు పరచుకొని, ఎండవేళ తళతళలాడుచు, ఊరిపేరును ఆలస్యముగా నిజము చేసినట్లు తోచును.

ఇక నిజమైన కడలి మాట. శనైశ్చరస్వామి దర్శనమునకై శ్రావణ శనివారములలో పావగడకు వచ్చు యాత్రికులకు లాడ్జిగదులే గతి. తీరగృహములు మన కెక్కడివి? అయినను మన తాలూకాకు కడలితో నొక పాత బాంధవ్యము కలదు. నందికొండలలో పుట్టిన పినాకిని, నాగలమడికె సుబ్రహ్మణ్యేశ్వరుని ముంగిట పారి, రామగిరి మండలమున పేరూరు దాటి, గండికోట లోయలు చొచ్చి, పుట్టినచోటి నుండి 597 కిలోమీటర్లు నడచి నెల్లూరుసీమలో సముద్రమున గలియును. ఏటిలో నీరు కన్న ఇసుకయే హెచ్చుగా కనబడు ఏండ్లెన్నియో. వరద వచ్చిన ఏడు మాత్రము అది మన చేల మట్టిని, రామగిరి రాతినుసిని మోసికొని పోవును. ఎన్నడైనను పావగడవాసి యొకడు మైపాడు ఒడ్డున నాలుగు దినములకు ఇల్లు బాడుగకు తీసికొన్నచో, వాకిట చెప్పులు విడిచి ఇసుకలో అడుగిడినపుడు కొంచెము నెమ్మదిగా అడుగిడవలెను. వాని యూరి మట్టి, బాడుగ చెల్లింపకయే, వానికన్న ముందు వచ్చి అచట కాపురమున్నది.