పోర్టు 111 దగ్గర అడగండి

కుందుర్పిలో బస్సెక్కి, కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం బస్టాండులో దిగిన మనిషి అక్కణ్ణుంచి బళ్ళారి వెళ్ళాలనుకోండి. బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో తెలియకపోతే నేరుగా ఎంక్వయిరీ దగ్గరికి నడుస్తాడు. లినక్స్ కంప్యూటర్లలో ఆ ఎంక్వయిరీ పని చేసే చిన్న ప్రోగ్రాం ఒకటుంది. పేరు ఆర్‌పీసీబైండ్, పాత పేరు పోర్ట్‌మ్యాపర్. తెర మీద ఎక్కడా కనిపించదు, వెనకాల నడుస్తూ ఉంటుంది.

వేరే కంప్యూటర్లో ఉన్న పనిని ఒక ప్రోగ్రాం తన సొంత పనిలాగే పిలిచి చేయించుకోవడమే రిమోట్ ప్రొసీజర్ కాల్. దాన్ని ఎలా అమలు చేయాలో ఆండ్రూ బిరెల్, బ్రూస్ నెల్సన్ 1984లో ఒక పరిశోధన పత్రంలో వివరించారు. ఆ రోజుల్లోనే సన్ మైక్రోసిస్టమ్స్ తనదైన పద్ధతి తయారుచేసి, దాని మీద ఎన్‌ఎఫ్‌ఎస్ అనే ఫైళ్ళ పంపిణీ వ్యవస్థను నిలబెట్టింది. ఒక్కో సేవకు ఒక్కో ప్రోగ్రాం నంబరు: ఎన్‌ఎఫ్‌ఎస్‌ది 100003, దానికి తోడుండే మౌంట్ సేవది 100005. ఈ నంబర్లు 32 బిట్లవి, వందల కోట్లు ఉండొచ్చు. బస్సుల ప్లాట్‌ఫారాల్లాంటి పోర్టులేమో 16 బిట్లవి, 65,535 దాటవు. ప్రతి సేవకూ శాశ్వతంగా ఒక పోర్టు రాసివ్వడం కుదరదు.

అందుకని పోర్ట్‌మ్యాపర్‌కు మాత్రం 111 స్థిరంగా ఇచ్చారు. మిగతా సేవ ఏదైనా మొదలవగానే సాధారణంగా ఖాళీగా దొరికిన పోర్టు పట్టుకుని, తన ప్రోగ్రాం నంబరు, వెర్షన్, డేటా పంపే పద్ధతి టీసీపీనా యూడీపీనా అన్నది, పోర్టు నంబరు 111 దగ్గర నమోదు చేయిస్తుంది. వాడుకునే కంప్యూటర్ ముందు 111ను అడుగుతుంది, జవాబు తీసుకుని నేరుగా ఆ పోర్టుకు వెళ్తుంది. నమోదు లేకపోతే పాత పోర్ట్‌మ్యాపర్ చెప్పే జవాబు సున్నా.

ఈ నమోదుల పట్టిక కంప్యూటర్ జ్ఞాపకంలోనే ఉంటుంది. కరెంటు పోయి వస్తే పెద్ద నష్టం లేదు, అన్నీ వరసగా మళ్ళీ మొదలై నమోదవుతాయి. పోర్ట్‌మ్యాపర్ ఒక్కటే ఆగి లేస్తేనే అసలు ఇబ్బంది. సేవలన్నీ బతికే ఉంటాయి, పట్టిక మాత్రం ఖాళీ. తప్పు ఎక్కడుందో తెలియక మనిషి సతమతమవుతాడు. ఆర్‌పీసీబైండ్‌లో పట్టికను దాచుకుని తిరిగి లేచే ఏర్పాటు ఉంది. లేదంటే సేవలను మళ్ళీ ప్రారంభించాల్సిందే.

111ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం నా దృష్టిలో క్షమించరాని అజాగ్రత్త. యూడీపీలో అడిగినవారి చిరునామా నిజమో కాదో పోర్ట్‌మ్యాపర్ చూడదు. ఎవరైనా బాధితుడి చిరునామాతో చిన్న ప్రశ్న పంపితే, 7 నుంచి 28 రెట్ల పెద్ద జవాబు ఆ బాధితుడి మీద పడుతుంది. 2015లో ఇలాంటి దాడులు బయటపడ్డాయి. ఫైర్‌వాల్‌లో 111ను లోపలి నెట్‌వర్కుకే పరిమితం చేయాలి.

ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షన్‌కు ఈ మధ్యవర్తి అక్కర్లేదు, 2049 పోర్టు ఒక్కటి చాలు. మూడో వెర్షన్ నడిచే చోట్ల మాత్రం 111 ఇంకా పనిలోనే ఉంది.