ఫోనులో 25 డిగ్రీలు, షెడ్డులో ఉక్క

పోయిన పంటలో చాంపియన్ రీఫ్స్ దగ్గర మా షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచాయి. వాటికి 24-25 డిగ్రీలు, 70 శాతం తేమ కావాలి కదా. ఇంట్లో ఫోను 25 అంటోంది, లోపలికెళితే ఒకటే ఉక్క, ఆకు ముట్టడం లేదు.

తప్పు మాదే. కంట్రోలరు వెనక సీరియల్ పోర్టు ఆర్‌ఎస్-232 రకం, సుమారు 15 మీటర్ల దాకే నమ్మకం. మేం 40 మీటర్లు లాగాం! ఆర్‌ఎస్-485 అయితే మెలివేసిన జత వైరు మీద 1200 మీటర్ల దాకా పోతుంది. ఒకే లైనుకి చాలా కంట్రోలర్లు కలపొచ్చు. ఒక్కోదానికి వేరే నంబరు, అన్నిటికీ ఒకే వేగం (మాది 9600) పెట్టాలి. ఎ, బి గుర్తులు కంపెనీని బట్టి తారుమారవుతాయి. అంకెలు రాకపోతే వైర్లు మార్చి చూడండి. పొడవు లైనుకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టరు వేయాలి. ఇంటి దగ్గర యూఎస్‌బీ కన్వర్టరుతో పాత కంప్యూటరుకి కలిపితే, అక్కడినుంచి వైఫై మీద ఫోనుకి.

ఇంకోటి. లైను తెగినా మా ఫోను పాత అంకెనే చూపిస్తూ కూర్చుంది. 5 నిమిషాలు కొత్త అంకె రాకపోతే అలారం మోగేలా పెట్టించాం. ఫాగరు నడపడం మాత్రం షెడ్డులోని కంట్రోలరుకే వదిలేశాం. గోడమీది తడి-పొడి థర్మామీటరు ఇంకా తీయలేదు.