పగడాల తొట్టి – వెలుగు

పగడం మొక్క కాదు, ప్రాణి. అయినను దానికి వెలుగు కావలెను. దాని దేహంలో నివసించే సూక్ష్మ శైవలాలు కిరణజన్య సంయోగక్రియతో ఆహారం తయారుచేసి, అందులో అధికభాగం పగడానికే అందిస్తాయి. సముద్రజలంలో ఎరుపు కాంతి త్వరగా ఇంకిపోతుంది. నీలికాంతి లోతుకు చేరుతుంది. కనుక దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ఇళ్లలో తొట్టి అమర్చేవారు 10,000 కెల్విన్ల తెల్లని ట్యూబులకు నీలి ట్యూబులు జతచేయాలి. 26 మిల్లీమీటర్ల టి8 కంటె 16 మిల్లీమీటర్ల టి5 మేలు. గొట్టం సన్నమైనకొద్దీ రిఫ్లెక్టరు కాంతిని చక్కగా నీటిలోకి మళ్లిస్తుంది. నేడు ఎల్.ఇ.డి. దీపాలు వచ్చినా సూత్రం ఇదే. హైదరాబాదు వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. దానికి దీపాల వేడి తోడై నీరు మితిమీరి వేడెక్కితే పగడం శైవలాలను కోల్పోయి తెల్లబారుతుంది. 2001లో ప్రభుత్వం రాతిపగడాలను, పులివలెనే, వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చింది. కావున దీపం కొనక మునుపే ఆ పగడం ఎక్కడిదో విచారించుట మన కర్తవ్యం.