మీకు తెలుసా? సైకిలునకును ఒక సంఖ్య యుండును

క్రొత్తగా కొన్న సైకిలును తలక్రిందులుచేసి, పెడళ్ల యిరుసు ఇమిడియున్న గొట్టపు అడుగుభాగమును గుడ్డతో తుడిచి చూచినచో, లోహముపై అచ్చొత్తిన సంఖ్య యొకటి సాధారణముగా కానవచ్చును. కొన్నిటికి అది సీటు క్రింది గొట్టముపై నుండును. మోటారు వాహనమువలె రిజిస్ట్రేషను లేనిదియు, పూర్వము పురపాలక సంఘములు పన్ను పుచ్చుకొని యిచ్చెడి బిళ్ల సైతము కనుమరుగైనదియు నగు సైకిలునకు, ఆ సంఖ్యయు దుకాణపు రసీదునే స్వామిత్వమునకు ముఖ్య సాక్ష్యములు గనుక, సంఖ్యను రసీదుపై దుకాణదారుచేతనే వ్రాయించుకొనుట మేలు.

రసీదులోని వెలయు ముఖ్యమే. 2024 జూలై 1 నుండి అమలులోనున్న చట్టముల ప్రకారము, చోరీయైన వస్తువు విలువ రూ. 5,000కు లోబడినచో మేజిస్ట్రేటు ఉత్తరువు లేక పోలీసులు దర్యాప్తు చేయజాలరు. సైకిలే జీవనాధారమైన కూలివానికి ఈ నియమము మిక్కిలి కఠినము. అంతకు మించిన విలువగల సైకిలు తెనాలి స్టేషనువద్ద పోయి రేపల్లెలో కనబడినను, మొదటిది గుంటూరు జిల్లా, రెండవది 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లా యైనను, ఫిర్యాదును ఏ ఠాణాలోనైనను స్వీకరించి ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగా నీయవలెను.

వెనుక చక్రపు తాళ మొక్కటే వేసిన సైకిలును భుజానికెత్తుకొని పోవచ్చును. గొలుసును ఫ్రేములోనుండి దూర్చి కదలని స్తంభమునకు బిగింపవలెను.