పాఠశాలలో బెదిరింపు: తెలియజేయుట వేరు, తీర్పు చెప్పుట వేరు

హైదరాబాదు నుండీ ఇతర తెలుగు జిల్లాల నుండీ వెళ్ళి అమెరికాలో స్థిరపడిన ముస్లిం కుటుంబాల పిల్లలెందరో అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో చదువుతున్నారు. ఆ పాఠశాలల్లో ‘చంపేస్తాను’ అన్న మాట, కోపంలో అన్నా వేళాకోళానికి అన్నా, చట్టం చెవిన పడే మాట అయినది. దేశమంతటికీ ఒకే శాసనం లేదు. రాష్ట్రానికొక చట్టం ఉన్నది. అయినా అన్నింటి వెనుక ఉన్న ప్రశ్న ఒకటే: విన్నవాడు ఎవరికి చెప్పాలి? చెప్పిన తరువాత ఎవరు, ఎలా విచారించాలి?

మొదటి ప్రశ్నకు ఆధారం 2002లో అమెరికా సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖ కలిసి ప్రచురించిన అధ్యయనం. 1974 నుండి 2000 వరకు పాఠశాలల్లో జరిగిన 37 దాడులను, దాడి చేసిన 41 మందిని అందులో పరిశీలించారు. నూటికి 81 దాడుల్లో కనీసం ఒకరికి సంగతి ముందే తెలుసు. తెలిసినవారు చాలావరకు తోటి పిల్లలే. స్నేహితుని రహస్యమని వారు నోరు మెదపలేదు. సభలో విన్న మాట అమానత్ అనీ, అన్యాయంగా రక్తం చిందించే సంగతి దానికి మినహాయింపు అనీ అబూదావూద్ సంకలనంలో ఒక హదీసు ఉన్నది. దాని ఉల్లేఖన పరంపర బలహీనమని కొందరు హదీసువేత్తలు అన్నారు; కానీ ప్రాణరక్షణ షరీఅత్ మూలలక్ష్యాలలో ఒకటన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

అయితే చెప్పినంత మాత్రాన పని జరుగదు. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడా రాష్ట్రం పార్క్‌లాండ్‌లో 17 మంది హతులైనారు. హంతకుని గురించి ఆ జనవరిలోనే ఎఫ్.బి.ఐ.కి హెచ్చరిక అందినది. దానిని స్థానిక కార్యాలయానికి పంపలేదని ఆ సంస్థే తరువాత ఒప్పుకున్నది.

కాలిఫోర్నియా 2022లో చేసిన చట్టం తెలియజేయవలసిన బాధ్యతను మరింత బిగించినది. 6 నుండి 12వ తరగతి వరకు గల పాఠశాలల్లో విద్యార్థులతో పని ఉన్న ఉద్యోగి ఎవరైనా, ప్రాణహాని బెదిరింపు తెలిసినా, అటువంటిదని తోచినా, వెంటనే పోలీసులకు తెలపాలి. నిర్ధారించుకొని చెబుదామని ఆగరాదు. పోలీసులు ఆయుధాల రిజిస్టరు చూడవలసి ఉంటుంది. ఇంట్లో తుపాకి ఉంటే దానిని భద్రపరచే విధానం గురించి తల్లిదండ్రులకు ఏటా నోటీసు పంపాలని కూడా అందులోనే ఉన్నది. ఇది చిన్న నిబంధనగా కనిపించవచ్చు. కానీ పైన చెప్పిన అధ్యయనంలో దాడికి వాడిన తుపాకులు ఎక్కువగా సొంత ఇంటి నుండో బంధువుల ఇంటి నుండో వచ్చినవే.

తెలియజేయుటకు అనుమానం చాలు. తీర్పుకు అది చాలదు. అల్‌హుజురాత్ సూరా 6వ ఆయత్ వచ్చిన వార్తను విచారించుకొమ్మని ఆజ్ఞాపిస్తున్నది. 12వ ఆయత్ దురనుమానాన్ని, కూపీలు లాగడాన్ని వారిస్తున్నది. ఈ రెండు మెట్లనూ కలిపివేస్తే ఏమవుతుందో టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో కనిపించినది. 2015 సెప్టెంబరులో పద్నాలుగేళ్ళ ముస్లిం విద్యార్థి తాను తయారుచేసిన గడియారాన్ని పాఠశాలకు తెచ్చాడు. అది బాంబని అతడు ఎవరితోనూ అనలేదు, గడియారమనే చెప్పాడు. పాఠశాలను ఖాళీ చేయించలేదు. అంటే అది నిజమైన బాంబని భయపడినవారు లేరన్నమాట. అయినా ‘ఉత్తుత్తి బాంబు’ తెచ్చాడని చేతికి బేడీలు వేశారు, మూడు రోజులు సస్పెండు చేశారు. చివరకు కేసు పెట్టలేదు. ఉపాధ్యాయురాలు అనుమానం తెలపడంలో తప్పు లేదనుకున్నా, ఆ అనుమానాన్నే రుజువుగా పట్టుకున్నవారిని సమర్థించడం కష్టం.

ఇందుకు మందు వర్జీనియా విధానంలో కొంత ఉన్నది. ప్రభుత్వ పాఠశాలలన్నింటికీ బెదిరింపు పరిశీలన బృందాలు ఉండాలని 2013లో మొదట శాసించిన రాష్ట్రం అదే. అక్కడి విశ్వవిద్యాలయ ఆచార్యుడు డ్యూయీ కార్నెల్ రూపొందించిన పద్ధతి క్షణికావేశపు మాటనూ నిజమైన పన్నాగాన్నీ వేరుచేస్తుంది: ఆయుధం చిక్కే వీలున్నదా, పథకం ఉన్నదా, మాట వెనక్కి తీసుకున్నాడా అని చూస్తుంది. టెక్సాస్ 2019లో ఇటువంటి బృందాలను ఏర్పరచినది. పరిశీలనకు ముందే తల్లిదండ్రులకు తెలిపి, వారు పాల్గొనే అవకాశమివ్వాలని 2023లో చేర్చినది.

పాఠశాల అధికారి విద్యార్థి సంచి వెతకాలంటే సహేతుకమైన అనుమానం ఉంటే చాలునని 1985లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పినది. పాఠశాలలో పోలీసులు ప్రశ్నించినప్పుడు ఆ పిల్లవాడు నిర్బంధంలో ఉన్నాడా లేడా అని తేల్చుటలో అతని వయస్సును లెక్కలోకి తీసుకోవాలని 2011లో తీర్పు వచ్చినది. తన మాట బెదిరింపుగా వినబడవచ్చునని తెలిసీ లక్ష్యపెట్టని మనఃస్థితి అయినా ఉంటేనే నేరమని 2023లో అన్నది. ఇది క్రిమినల్ శిక్షకు కొలత. పాఠశాల క్రమశిక్షణకు ఈ కొలత వర్తిస్తుందని తల్లిదండ్రులు అనుకోరాదు. ‘నవ్వులాటకు అన్నాడు’ అనే సమాధానం షరీఅత్‌లోనూ నిలువదు: నిద్రిస్తున్న సహచరుని త్రాడు తీసి ఉలిక్కిపడేటట్లు చేసినవారిని ఉద్దేశించి, ముస్లింను భయపెట్టుట ధర్మసమ్మతం కాదని మహాప్రవక్త (సల్లం) చెప్పినట్లు అబూదావూద్‌లోనే ఉన్నది.

పరిశీలన ముగిసినా కాగితం మిగులుతుంది. 1974 నాటి విద్యా రికార్డుల చట్టం ప్రకారం తల్లిదండ్రులు పిల్లవాని రికార్డు చూపమని కోరవచ్చు. కోరిన 45 రోజుల్లోగా పాఠశాల చూపాలి. తప్పు ఉంటే సవరించమనవచ్చు, నిరాకరిస్తే విచారణ కోరవచ్చు. పోలీసుల దగ్గర ఉన్న కాగితాలకు మాత్రం ఈ చట్టం వర్తించదు; వాటి కోసం వేరుగా దరఖాస్తు పెట్టుకోవలసిందే.